ఏడో గొట్టం వెలుగు

చీకటిగది పక్క బల్ల,
భౌతికశాస్త్ర విభాగం
జూన్ 9

ప్రియమైన వదినకు,

నువ్వు వెళ్ళి రెండు నెలలు దాటింది. గాజు వర్క్‌షాపుకు వేసిన తాళం వేసినట్టే ఉంది. నీ చోట్లోకి ఇంకా ఎవర్నీ తీసుకోలేదు. ఆ తలుపు ముందు నుంచి వెళ్ళేటప్పుడు ఇప్పటికీ అడుగు మెల్లగానే వేస్తున్నాను. నువ్వు గాజు అతుకుతుండగా టకటకా నడిస్తే "ఏనుగులు వస్తున్నాయా?" అని అరిచేదానివిగా.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు వెళ్ళేముందు బ్రోమిన్ నింపి, మూతి కరిగించి మూసిచ్చిన ఏడు క్వార్ట్జ్ గొట్టాల్లో ఆఖరిదాన్ని పోయిన సోమవారం వెలిగించాను. నాలుగు గంటలు ఆ వెలుగును, దాన్ని రంగులుగా విడదీసే స్పెక్ట్రోగ్రాఫ్‌లోంచి ఫొటో ప్లేటు మీద పడనిచ్చి కడిగాను. అన్నయ్యకూ చదివి వినిపిస్తావు కనక కాస్త విడమరిచి రాస్తున్నాను. రెండు బ్రోమిన్ పరమాణువులు చెయ్యీ చెయ్యీ పట్టుకుంటే ఒక అణువు. దానికి కరెంటు తగిలితే పై అంతస్తుకు ఎగురుతుంది. అక్కడ ఎంతోసేపు నిలవలేక కిందికి దూకుతుంది, దూకేటప్పుడు వెలుగు విడుస్తుంది. ఆ అంతస్తుల్నే మేం ఎలక్ట్రానిక్ స్థితులంటాం. ఒక్కో అంతస్తులో మళ్ళీ మెట్లున్నాయి, అణువు స్ప్రింగులా ఊగే ఊపును బట్టి. ఏ మెట్టు మీంచి ఏ మెట్టుకు దూకితే ఆ గీత ప్లేటు మీద పడుతుంది. గీతల మధ్య దూరాలు కొలిచి, లోపలికి ఎవరూ వెళ్ళి చూడలేని ఆ ఇంటి కట్టడం ఎలాంటిదో చెప్పడం నా పని.

బ్రోమిన్‌కు ఉండాల్సిన గీతలు ఉండాల్సిన చోటే పడ్డాయి. కానీ వాటికి దూరంగా, మూడు వందల పది నానోమీటర్లు దాటాక, ఇంకో వరస పడింది వదినా! మిగతా ఆరింటిలో అది లేదు. ఏడోదాంట్లో తోడుగా నింపే ఆర్గాన్ వాయువును బాగా ఎక్కువ నింపాం కనక ఇన్నాళ్ళూ దాక్కున్న అంతస్తేదో ఇప్పుడు బయటపడిందని ప్రొఫెసర్ అంటున్నారు. కొత్త స్థితి! ఆయన మొహం అంత వెలగడం ఈ మూడేళ్ళలో చూడలేదు. థీసిస్‌కు ఒక వెన్నెముక దొరికింది. డిసెంబరు ఆఖరుతో నా చదువుసెలవు సరి. ఈలోగా ఇవ్వకపోతే నలభై అయిదేళ్ళ లెక్చరరుకు మళ్ళీ సెలవనేది ఉండదని కాలేజీలో ముందే చెప్పేశారు.

ఏడోదాన్ని నువ్వేమైనా వేరేగా చేశావా? ఊరికే అడుగుతున్నాను. నా సంగతి తెలుసుగా, తాళం వేసి వీధి చివరిదాకా వెళ్ళి, వెనక్కొచ్చి తాళం లాగి చూసే మనిషిని.

నీ
మరదలు

*

గాజు కార్ఖానా వెనక వీధి,
మేడ మీద వాటా
జూన్ 24

కాబోయే డాక్టరమ్మకు,

నీ ఉత్తరం మీ అన్నయ్య చదివి వినిపించాడు. ఈమధ్య పేపరు కూడా ఆయనే చదివి వినిపిస్తున్నాడు. ఈ వయసులో ప్రేమ పొంగుకొచ్చిందనుకో, నేను మాత్రం ఎందుకు కాదంటాను? మెట్లూ అంతస్తులూ అన్నచోట ఆగి, "ఇంతకీ దీనివల్ల ఎవరికేం లాభమే?" అన్నాడు. "మీ చెల్లెలు మన సంసారంలో వేలు పెట్టకుండా ఉంటుంది, ఇంకేం లాభం కావాలి?" అన్నాను. నవ్వుకున్నాం. నువ్వూ నవ్వాలి.

ఇక్కడ వరసగా పన్నెండు బల్లలు, పన్నెండు మంటలు. ఆడదాన్ని నేనొక్కదాన్నే. మొదటిరోజు మేస్త్రీ నన్ను చూసి, "ప్యాకింగు అటువైపమ్మా" అని దారి చూపించాడు. ఖాళీగా ఉన్న మంట దగ్గర కూర్చుని రెండు గొట్టాలు అతుకు తెలియకుండా కలిపి ఆయన చేతిలో పెట్టాను. వెలుగుకెత్తి తిప్పి తిప్పి చూసి, "ఏ బల్ల కావాలి మీకు?" అన్నాడు. కిటికీ పక్కది అడిగాను. మిగతా చోట్ల మరీ మసక.

ఏడో గొట్టం ఎప్పటిలాగే చేశాను. కడిగాను, కాల్చాను, గొట్టానికి కొమ్ములా అతికిన పక్కవంకీలో శుద్ధిచేసే ఉప్పు పోశాను, బ్రోమిన్ ఆవిరిని దానిమీంచి పంపాను, మూశాను. ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పని. కొత్త అంతస్తు దొరికితే సంతోషించక, తాపీమేస్త్రీని పట్టుకుని సిమెంటు ఏ కంపెనీది అంటావేం?

తిండి మానేసి ప్లేట్ల ముందు కూర్చోకు.

మీ వదిన

*

చీకటిగది పక్క బల్ల
జులై 21

వదినా,

ఈ ఉత్తరం అన్నయ్యకు వద్దు. నువ్వొక్కదానివే చదువుకో.

ప్రొఫెసర్ 'బ్రోమిన్‌లో ఒక కొత్త స్థితి' అని సెప్టెంబరులో జరిగే సభకు సారాంశం పంపేశారు. నేనేమో అదే వారంలో ఆ గీతల్ని మళ్ళీ కొలవడానికి కూర్చున్నాను. కూర్చోకపోయినా బావుండేదేమో.

బ్రోమిన్ పరమాణువుల్లో రెండు బరువులవి ఉంటాయి, తేలికవీ బరువువీ, దాదాపు సగం సగం. అందుకని రెండు బ్రోమిన్లు కలిసిన అణువు మూడు రకాలుగా దొరుకుతుంది: తేలిక-తేలిక, తేలిక-బరువు, బరువు-బరువు. మధ్య రకం మిగతా రెండింటికీ రెట్టింపు. కనక బ్రోమిన్ గీత అనేది ఏదైనా, దగ్గర దగ్గరగా మూడు గీతలై, మధ్యది ముదురుగా పడాలి. తెలిసిన గీతలన్నీ ఈ ప్లేటు మీద అలాగే పడ్డాయి. కొత్త వరస మాత్రం అలా లేదు. ఒక్కో గీత రెండుగా, ఎడంఎడంగా పడింది. ఒకటి నల్లగా, ఇంకోటి దాంట్లో మూడో వంతు. పదకొండు గీతలు కొలిచాను. పదకొండూ అంతే.

మూడుకు ఒకటి. ఆ పాలు బ్రోమిన్‌ది కాదు వదినా, క్లోరిన్‌ది. దాంట్లోనూ రెండు బరువులున్నాయి, మూడు తేలికవాటికి ఒకటి బరువుది. ఒక బ్రోమిన్, ఒక క్లోరిన్ చెయ్యి కలిపిన అణువైతేనే అలా పడుతుంది; అందులో బ్రోమిన్ బరువు తేడా గీతను కాస్త మందం చేస్తుందంతే. అంటే అంతస్తు కొత్తది కాదు, ఇల్లే వేరు.

కొన్న బ్రోమిన్‌లో కొద్దిగా క్లోరిన్ ఎప్పుడూ కలిసే వస్తుందని నీకు తెలియంది కాదు. దాన్ని పట్టుకోవడానికేగా వంకీలో పొటాషియం బ్రోమైడ్ పోస్తాం. ఉప్పు చాలకపోతే క్లోరిన్ జారిపోయి ఉండొచ్చు. ఏడోదాంట్లో ఎంత పోశావో గుర్తుందా? వంకీ నిండా పోశావా? ఇది నిన్ను తప్పుపట్టడం కాదు. బ్రోమిన్ అమ్మినవాడి సరుకే పాడైందేమో కూడా.

ప్రొఫెసర్‌కు ఇంకా చెప్పలేదు. ఇంకోసారి కొలిచి చెబుతాను.

నీ
మరదలు

*

మేడ మీద వాటా
ఆగస్టు 2

నన్నొక్కదాన్నే చదువుకోమన్నావు. చదువుకున్నాను.

వంకీ నిండా పోశాను. ప్రతి గొట్టానికీ వంకీ నిండానే పోస్తాను. నీ పెళ్ళికి ముందు నుంచీ పోస్తున్నాను. నీ కొలతలు తప్పయితే ముందు నీ కొలతలు చూసుకో. నా చేతి పనిని ఇన్నేళ్ళలో ఏ ప్రొఫెసరూ అనుమానించలేదు, ఇంటి పిల్ల మొదలుపెట్టింది.

మీ అన్నయ్య కులాసా.

*

చీకటిగది పక్క బల్ల
ఆగస్టు 14

వదినా,

నాలుగు ముక్కలు రాశావు, నాలుగూ తగిలాయి. సంబోధన కూడా లేని ఉత్తరం నీ నుంచి రావడం ఇదే మొదలు. అయినా తప్పు నాది. నేను నీ దగ్గర ఒకటి దాచాను.

ఉప్పు ఎంత పోశావని అడిగిన రోజుకే నాకు జవాబు తెలుసు. మార్చిలో మనం తెప్పించిన కొత్త పొటాషియం బ్రోమైడ్ సీసా రసాయనాల అలమారలో ఉంది. దాని మూత మీది మైనం సీలు ఇంకా చెక్కుచెదరలేదు. పాత సీసా ఆరో గొట్టంతోనే అయిపోయి, చెత్తలో వేసింది నేనే. మరి ఏడో వంకీలోకి వెళ్ళిందేమిటి? పక్కనున్న పొటాషియం క్లోరైడ్ సీసాకు సీలు లేదు, వంకీ పట్టేంత ఉప్పు తగ్గి ఉంది. రెండు సీసాలూ ఒకే కంపెనీవి, ఒకే సైజు, రెండింట్లోనూ తెల్లటి పలుకులే. క్లోరైడ్ మీంచి పంపితే క్లోరిన్‌ను అదేం పట్టుకుంటుంది? దారి వదిలి పక్కకు నిలబడుతుంది.

లేబుల్ చూడకుండా తీసుకునే మనిషివి కాదు నువ్వు. అందుకే సూటిగా అడగలేక డొంకతిరుగుడుగా అడిగాను. నువ్వే చెబుతావని ఎదురుచూశాను. అది నిన్ను పరీక్షపెట్టడమే. క్షమించు.

ఇంకోటి కూడా చెప్పాలి, ఇది మరీ సిగ్గుచేటు. నేనింకా నోరు విప్పలేదు. విప్పకపోతే ఎవరికీ తెలియదు. థీసిస్‌లో అచ్చువేసే ఫొటోలో ఆ జంటగీతలు కలిసిపోయి ఒకటిగానే కనిపిస్తాయి. డిసెంబరులో ఇచ్చేస్తాను, డాక్టరమ్మనవుతాను, నీ పని గురించి ఎవరూ ఒక్క మాటా అనరు. రోజూ పొద్దున్న ఈ ఆలోచనతోనే లేస్తున్నాను. పళ్ళు తోముకునేసరికి కాదనుకుంటాను. బస్సెక్కేసరికి మళ్ళీ ఔననుకుంటాను. నువ్వయితే ఏం చేస్తావు?

నీ
మరదలు

*

మేడ మీద వాటా
ఆగస్టు 27

నా పిచ్చి తల్లికి,

నేనయితే ఏం చేస్తానని అడిగావు. నేను చేసింది చెబుతాను, అది చెయ్యకు.

నాకు కళ్ళు కనిపించడం లేదు. పూర్తిగా కాదు. పొగ పట్టిన చిమ్నీలోంచి చూసినట్టుంటుంది. ఏడాది పైనే అయింది. గాజు పనికి చూపు అంతగా అక్కర్లేదు. గాజు మెత్తబడ్డది చేతికి తెలుస్తుంది, ఎంత ఊదాలో బుగ్గలకు తెలుస్తుంది. చిక్కంతా అక్షరాలతోనే. సీసా మీది పేర్లు నాకు చీమల బారుల్లా కనిపించేవి. అందుకని చోటును బట్టి తీసేదాన్ని. పై అర, ఎడమ చివర్నించి మూడో సీసా, పొటాషియం బ్రోమైడ్. కొత్త సీసా వచ్చినా అక్కడే పెట్టించేదాన్ని. అలా ఆరు గొట్టాలు చేశాను, ఆరూ సరిగ్గానే వచ్చాయి. ఏడోదానికీ మూడో సీసానే తీశాను. ఒట్టేసి చెబుతున్నాను, మూడోదే. అది క్లోరైడ్ ఎలా అయిందో నాకిప్పటికీ తెలియదు.

ఎవరికీ చెప్పలేదు. మీ అన్నయ్యకు కూడా. "చదివి వినిపించండి, మీ గొంతు బావుంటుంది" అంటే మురిసిపోయి చదువుతున్నాడు పాపం. ఇక్కడ తెలిస్తే నన్ను ప్యాకింగులో కూర్చోబెడతారు. ఆ మంట ముందు లేకపోతే నేనెవర్నే? 

నన్నొక్కదాన్నే చదువుకోమని రాశావు చూడు, ఆ ఉత్తరం మూడు పగళ్ళు కిటికీలో భూతద్దం పెట్టుకుని కూడబలుక్కున్నాను. 'తప్పుపట్టడం కాదు' అన్న ముక్క దొరికేసరికే నా ఒళ్ళు మండిపోయింది. తప్పు నాదని తెలిసినవాళ్ళకే అంత తొందరగా మండుతుంది.

ఇప్పుడు ఈ ఉత్తరం మీ అన్నయ్య చేత రాయిస్తున్నాను. అంటే ఆయనకూ ఇప్పుడే తెలుస్తోంది. కలం ఆపి నా మొహంలోకి చూస్తున్నాడు. "రాయండి, ముందు రాయండి" అంటున్నాను.

నా పరువు కోసం నీ ప్లేటు మీద లేనిది ఉందని రాయకు. నా చూపు పోయిందని తెలిసినా నేను బతుకుతాను. నావల్ల నువ్వు అబద్ధం రాశావంటే ఆ గాజు మళ్ళీ ముట్టుకోలేను.

మీ వదిన

(చెల్లీ, రేపే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను. ఏడాదిగా పక్కనే ఉండి నేను చూడలేదు. చూపు ఎవరిది పోయిందో నాకు తెలియడం లేదు. - అన్నయ్య)

*

చీకటిగది పక్క బల్ల
సెప్టెంబరు 6

వదినా,

నీ ఉత్తరం చదివి లేచి వెళ్ళి అలమార ముందు నిలబడ్డాను. పై అర, ఎడమ నుంచి మూడోది. ఏమీ ఎరగనట్టు అక్కడే కూర్చుని ఉంది, పొటాషియం క్లోరైడ్.

దాన్ని అక్కడ పెట్టింది నేను.

మార్చి ఆఖర్లో గోడలకు సున్నం వేశారు, గుర్తుందా? ఆ నాలుగు రోజులూ నువ్వు సామాను సర్దుకోవడానికి ఇంట్లో ఉన్నావు. సీసాలన్నీ దింపించి, తుడిచి, మళ్ళీ ఎక్కించింది నేనే. ఎవరికైనా వెతుక్కోవడం సులువుగా ఉంటుందని అన్నీ అక్షరక్రమంలో పేర్చాను. ఎంత మంచి పని చేశానో అనుకుని చేతులు దులుపుకున్నాను. ఏడో గొట్టం చేయడానికి నువ్వొచ్చాక ఒక్క మాట చెప్పాలని కూడా తోచలేదు. లేబుళ్ళున్నాయి కదా, చెప్పేదేముంది అనుకున్నాను. బ్రోమైడ్ రెండో చోటుకు జరిగింది, క్లోరైడ్ మూడో చోటుకు వచ్చింది. నువ్వు సరిగ్గా మూడో సీసానే తీశావు. నీ చెయ్యి తప్పలేదు, నేను చోటు మార్చాను.

ఎంతసేపు ఏడ్చానో, ఎంతసేపు నవ్వానో తెలియదు. తర్వాత మొహం కడుక్కుని ప్లేటు పట్టుకుని ప్రొఫెసర్ గదికి వెళ్ళాను. ఆయన పావుగంట భూతద్దంలోంచి తలెత్తలేదు.

"ఎప్పట్నించి తెలుసు మీకు?"

"జులై నుంచి సార్."

"ఇది సెప్టెంబరు."

"అవును సార్."

ఆ నెలల లెక్క కన్నా నాలుగు తిట్టి ఉంటే బావుండేది. ఆయన కాగితం తీసుకుని సభవాళ్ళకు సారాంశం వెనక్కి తీసుకుంటున్నామని తనే రాశారు. సంతకం పెడుతూ, "మొదటిరోజే ఆ మూడుకు ఒకటి పాలు నాకు కనిపించి ఉండాల్సింది. కొత్తది కావాలనిపించి, చూడలేదు" అన్నారు. తర్వాత, "అనుమానం చాలదు. రెండు గొట్టాలు కావాలి. ఒకదాంట్లో క్లోరిన్ ఆనవాలు ఉండకూడదు, ఒకదాంట్లో కావాలని కలపాలి. మొదటిదాంట్లో గీతలు పోయి రెండోదాంట్లో రావాలి. అప్పుడు అది ఏ అణువో, ఏ అంతస్తుల మధ్య దూకుతోందో ధైర్యంగా రాయొచ్చు. అదీ ఒక అధ్యాయమే. ఎవరు చేస్తారు గొట్టాలు?" అన్నారు.

"మా వదిన చేస్తుంది" అనేశాను. నోరు జారలేదు. అనాలనే అన్నాను.

డాక్టరు ఏమన్నాడో వెంటనే రాయండి. డిసెంబరు సంగతి నువ్వు పట్టించుకోకు. నేను పట్టించుకుంటున్నాను, ఒక్కరం చాలు.

నీ
మరదలు

*

మేడ మీద వాటా
అక్టోబరు 19

డాక్టరమ్మకు,

ఇది నా చేతిరాతే. వంకరగా ఉందేమో గానీ ఎక్కడెక్కడ వంకరో నాకే కనిపిస్తోంది. కుడికన్నుకు ఆపరేషను చేశారు. శుక్లాలు. "మంట ముందు పనిచేసేవాళ్ళకు నలభైల్లోనే మొదలవుతాయి, ఇన్నాళ్ళు ఎందుకు ఆగారు?" అని డాక్టరు కసిరాడు. ఎందుకు ఆగానో ఆయనకు చెబితే ఇంకో పూట పడుతుందని ఊరుకున్నాను.

ఆపరేషనుకు ముందే మేస్త్రీకి చెప్పాను. చెప్పే ముందు రెండుసార్లు ఆయన గది గుమ్మందాకా వెళ్ళి వెనక్కొచ్చాను. మూడోసారి గబగబా చెప్పేసి, "ప్యాకింగుకు వెళ్ళమన్నా వెళ్తాను" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి, ఎడమకన్ను రెప్ప వేలితో పైకెత్తి చూపించాడు. "నాకు ఆరేళ్ళ కింద చేశారు. ఈ పన్నెండుమందిలో నలుగురికి అయింది. ఎవరికి వాళ్ళం సెలవు పెట్టి, ఊరెళ్ళామని చెప్పుకున్నాం" అన్నాడు. ఏం మనుషులమే! పక్కపక్కన కూర్చుని అందరం గుడ్డితనాన్ని దాచుకుంటున్నాం. ఇప్పుడు ఆయన అన్ని బల్లలకూ ముదురు అద్దాలు తెప్పించాడు. పెట్టుకోనివాళ్ళను మంట దగ్గరికి రానివ్వడం లేదు. అందులో మొదట తిట్లు తిన్నది నేనే.

కట్టు విప్పాక ఇల్లంతా తిరిగి చూశాను. మీ అన్నయ్యకు ఇంత నెరిసిందని నాకు తెలియదు. ఆయనకు ఆ మాట నచ్చలేదు. వంటగది గోడ పసుపుపచ్చ అనుకుంటున్నాను ఇన్నాళ్ళూ, తెలుపట.

నవంబరు రెండో వారంలో వస్తాను. రెండు రోజులు సెలవిచ్చారు. వర్క్‌షాపు తాళం తీయించి, ఆక్సిజన్, హైడ్రోజన్ సిలిండర్లు నిండా ఉన్నాయో లేదో చూసి పెట్టు. అలమారలో మాత్రం చెయ్యి పెట్టకు. దండం పెడతాను.

మీ వదిన

*

చీకటిగది పక్క బల్ల
డిసెంబరు 3

వదినా,

నువ్వు బస్సెక్కిన మర్నాడే ఎనిమిదో గొట్టం వెలిగించాను, క్లోరిన్ లేనిది. ఎప్పటిలా నాలుగు గంటలు కాకుండా ఆరు గంటలు ప్లేటు మీద పడనిచ్చాను, ఏ చిన్న గీత ఉన్నా తప్పించుకోకూడదని. బ్రోమిన్ సొంత గీతలు మూడేసిగా ముచ్చటగా పడ్డాయి. మూడు వందల పది దాటాక శుభ్రంగా ఖాళీ. గాజు పలకలోంచి గోడ మీది సున్నం కనిపించింది. ఖాళీని చూసి ఇంత సంతోషపడ్డ మనిషిని నేనే అయి ఉంటాను.

తొమ్మిదోదాంట్లో, నువ్వు నా ఎదురుగా బుడగలు లెక్కపెట్టి క్లోరిన్ కలిపిన దాంట్లో, ఆ వరస మళ్ళీ పడింది. ఏడోదాంట్లో కన్నా పది రెట్లు ముదురుగా. ఇప్పుడు పదకొండు కాదు, ఇరవై ఆరు జంటలు కొలవగలిగాను. జంటలో రెండు గీతల మధ్య ఎడం మెట్టు మెట్టుకూ ఎలా పెరుగుతుందో చూస్తే, ఏ గీత ఎన్నో మెట్టు మీంచి దూకిందో లెక్క తేలుతుంది. మామూలుగా అంకెల్ని అందాజుగా వేసి సర్దుకుంటాం. ఈసారి సర్దుకోవాల్సిన పని లేకపోయింది. ఒక్కో అంకె దాని చోట్లో అదే కూర్చుంది. బరువులో చిన్న తేడా ఉన్న ఆ కవల క్లోరిన్లే నాకు మెట్లు లెక్కపెట్టి ఇచ్చాయి. పై అంతస్తు ఏదో, కింది అంతస్తు ఏదో రాశాను. ప్రొఫెసర్ రెండు రోజులు తప్పులు వెతికి, మూడోరోజు నా కాగితాలు నాకిచ్చి, "మళ్ళీ కొలవాలనిపిస్తోందా మీకు?" అన్నారు. లేదన్నాను. ఆయన నమ్మనట్టు చూశారు. నేనూ నమ్మలేదు గానీ, నిజంగానే అనిపించడం లేదు.

అధ్యాయానికి పేరు మార్చాను. కొత్త స్థితి అన్న మాట పోయింది. అది బ్రోమిన్ కాదు అని మొదటి వాక్యంలోనే ఉంది. థీసిస్ ఇరవయ్యో తేదీన ఇస్తున్నాను.

ఒక్క పేజీ మాత్రం ఖాళీగా ఉంది. ఏడో గొట్టంలోకి క్లోరిన్ ఎలా వచ్చిందో రాయాలి. నాలుగు రకాలుగా రాశాను. 'పొరపాటున' అని ఒక్క మాటతో సరిపెట్టి చూశాను, అది దాటవేయడం. తప్పంతా నా మీదే వేసుకుని రాశాను, అది గొప్పలకు పోవడం. నీ కళ్ళ సంగతి నేను రాయడం న్యాయమా కాదా తేల్చుకోలేకపోతున్నాను. ఏం రాయమంటావో చెప్పు. నువ్వు చెప్పిందే రాస్తాను, అక్షరం మార్చను.

నీ
మరదలు

*

మేడ మీద వాటా
డిసెంబరు 10

డాక్టరమ్మకు,

ఎంత చదివినా చిన్న సంగతికి చెట్టంత ఆలోచన చేయడం మానవు. జరిగింది జరిగినట్టు రాయి.

గాజు పని చేసే మనిషికి చూపు మందగించిందనీ, సీసాల్ని పేరు చదివి కాక చోటును బట్టి తీసేదనీ రాయి. పరిశోధకురాలు సీసాలు సర్ది ఆ మనిషికి చెప్పలేదని రాయి. ఆ రెంటిలో ఏ ఒక్కటి జరగకపోయినా క్లోరిన్ లోపలికి వచ్చేది కాదని రాయి. ఇంకో ఊళ్ళో, ఇంకో ప్రయోగశాలలో, నాలాంటిది ఒకతి అలమార ముందు నిలబడి మనసులో సీసాలు లెక్కపెట్టుకుంటూ ఉంటుంది. దాని మరదలెవరో ఇది చదువుతుంది. చదివి, లేచి వెళ్ళి అడుగుతుంది. నీ మెట్లూ అంతస్తులూ ఎవరికేం లాభమని మీ అన్నయ్య అడిగాడే, నాకు తెలిసిన లాభం ఇదొకటి.

మా మేస్త్రీకి చెబితే, "పుస్తకంలో మీ గురించి అలా రాయిస్తారా?" అని నోరు తెరిచాడు. ఇరవై ఏళ్ళలో నా గొట్టాలతో పద్నాలుగు థీసిసులు వెళ్ళాయండీ, ఒక్కదాంట్లోనూ నేను లేను, ఇప్పుడు వచ్చే అవకాశాన్ని వదులుకుంటానా అన్నాను. నవ్వుతూనే అన్నాను. కానీ తర్వాత నా బల్ల దగ్గరికొచ్చి కూర్చుంటే అది నవ్వులాట కాదనిపించింది.

అందుకని ఒక్క షరతు. తప్పు జరిగిన పేజీలో నన్ను రాస్తే, ఎనిమిదో గొట్టం, తొమ్మిదో గొట్టం ఉన్న పేజీలో కూడా రాయాలి. మూడూ ఈ చేతులతోనే చేశాను.

మీ వదిన